నరసన్న వేసిన ఎర్ర నేలలు

ఎమ్మిగనూరులో మా ఇంటికి నాలుగిళ్ళ అవతల నరసన్న ఉంటాడు. వాళ్ళ నాయన నూలుకు రంగు వేసేవాడు. ఆయన చేతులు మోచేతుల దాకా ఒకనాడు నీలంగా, ఇంకోనాడు కుంకుమలా ఉండేవని మా వీధిలో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. మగ్గాలు తగ్గాయి, నూలు తగ్గింది, రంగు కాగు పొయ్యి మీదినుంచి దిగింది. అప్పటికి నరసన్నకు పద్దెనిమిదేళ్ళు. పదో తరగతితో చదువు ఆగిపోయింది. ఆదోని నుంచి పని మీద వచ్చిన హుసేన్ సాబ్ అనే తాపీ మేస్త్రీకి మనిషి కావలసివస్తే, ఆయన వెంట పోయాడు.

హుసేన్ సాబ్ గోడలు కట్టడం తక్కువ. ఆయన పని ఎర్ర నేలలు. కాంక్రీటు పరచి, అది ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే సిమెంటులో ఎర్ర ఆక్సైడ్ పొడి కలిపి పైన ఒక పొరగా వేసి, ఇనుప తాపీతో రుద్ది రుద్ది అద్దంలా చేసేవాడు. "పైన పూసే రంగు రెండేండ్లకు పోతాది బేటా. ఇది నేలతోనే పుట్టి నేలతోనే పోవల్ల" అనేవాడు. ఆ పనిలో ఒక గట్టి షరతుంది. గది మొదలుపెడితే పూర్తయ్యేదాకా లేవకూడదు. మధ్యలో ఆపితే ఆపినచోట గీత పడుతుంది. ఆ గీత మళ్ళీ ఏం చేసినా పోదు. భోజనం, బీడీ, మంచినీళ్ళు అన్నీ గది అయిపోయాకే.

నరసన్నకు రంగు కుదరడం తొందరగా పట్టుబడింది. నూలు రంగుల మధ్య పుట్టి పెరిగినవాడు. సిమెంటు బస్తా మారితే ఎరుపు ఎంత మారుతుందో తడి ముద్దను చూసి చెప్పేవాడు. నీళ్ళు నాలుక మీద వేసుకుని ఉప్పు ఉందో లేదో చూసేవాడు. ఉప్పునీళ్ళు కలిపిన నేల ఆరినాక తెల్లగా పూస్తుంది, ఎరుపంతా పాడవుతుంది. మన పడమటి పల్లెల్లో బోరు నీళ్ళు ఎంత ఉప్పగా ఉంటాయో తెలిసిందే కదా. అందుకని ఎక్కడ పని ఒప్పుకున్నా ముందు నీళ్ళడిగేవాడు.

హుసేన్ సాబ్ పోయాక ఆ పని నరసన్నదే అయింది. పెళ్ళి చేసుకున్న మంజుల కూడా నేతవాళ్ళ పిల్లే. మొదట ఆమె మట్టి తట్టలు మోసేది. తర్వాత రంగుపొడి జల్లెడ పట్టేది. ఒక నేలకు ఎంత పొడి, ఎంత సిమెంటు అనే లెక్క ఆమెకు నోటికి వచ్చింది. అట్లా ఇరవై ఏళ్ళు గడిచాయి. తర్వాత ఊళ్ళోకి గ్రానైటు బండలు, నున్నటి టైల్సు వచ్చాయి. ఎర్ర నేల పేదవాళ్ళ నేల అయింది. మళ్ళీ కొన్నాళ్ళకు బాగా డబ్బున్నవాళ్ళకు పాత ఇళ్ళ మీద మోజు పుట్టింది. నరసన్న బతుకు ఈ ఇద్దరి మధ్య నడుస్తూ వచ్చింది.

అయిదారేళ్ళ కింద, ఎండాకాలంలో, ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి కొత్త ఇల్లు కట్టించాడు. నడిమింట్లో పెద్ద హాలు, అంతా ఎర్ర నేల కావాలన్నాడు. పని పట్టిన కాంట్రాక్టరు శివప్రసాద్, నరసన్నకు ముందునుంచీ తెలిసినవాడే. హాలు ఎంత పెద్దదంటే, తెల్లవారుజామున మొదలుపెడితే సాయంత్రానికి గానీ కాదు. సగం హాలు రుద్దడం అయింది. పన్నెండు దాటింది. మేడ మీద కలిపి తాడుతో దించుతున్న కలుపు బకెట్టు మెట్టుకు తగిలి ఒరిగింది. కింద వంగి ఉన్న నరసన్న తలెత్తాడు. ఎర్ర సిమెంటు కలుపు ఎడమ కంట్లో పడింది.

మంజుల చెంబుతో నీళ్ళు తెచ్చి కంట్లో పోసింది. రెండు చెంబులు పోసేసరికి ఆయన ఆమె చెయ్యి పక్కకు తోశాడు.

"సాల్లే మంజులా. నేల ఆరిపోతాంది."

"కన్ను తెరువు. సూడనీ."

"సాయంత్రం సూద్దువు. ఈడ గీత పడితే మొత్తం పగలగొట్టల్ల."

శివప్రసాద్ అక్కడే ఉన్నాడు. అతను మొదట "ఆస్పత్రికి పోదామా అన్నా?" అన్నాడు. నరసన్న తల అడ్డంగా ఊపితే మళ్ళీ అడగలేదు. నరసన్న తువ్వాలు తడిపి కంటికి కట్టుకుని, మిగిలిన సగం హాలు ఒంటికంటితో రుద్దాడు. అయిదు గంటలు పట్టింది. మధ్యమధ్య పళ్ళు కొరికే చప్పుడు తనకు వినపడిందని మంజుల చెప్పింది. నేల మాత్రం ఎక్కడా గీత లేకుండా వచ్చింది.

పొద్దుగూకాక కంటి డాక్టరు దగ్గరికి పోతే, ఆయన లైటు వేసి చూశాడు.

"సున్నంగానీ సిమెంటుగానీ పడితే అరగంట ఆపకుండా కడగాలి. ఇన్ని గంటలు లోపలే ఉంచుకున్నావా?"

"పని మధ్యలో ఉండాది సార్" అన్నాడు నరసన్న.

నల్లగుడ్డు మీద తెల్లగా పువ్వేసింది. కర్నూలు పంపారు, హైదరాబాదు కూడా పొమ్మన్నారు. ఎక్కడికి పోయినా ఆ కంటికి చూపు రాలేదు.

కర్నూలు ఆస్పత్రికి శివప్రసాద్ ఒకసారి వచ్చాడు. యాపిల్ పండ్లు తెచ్చాడు. కొంచెంసేపు మంచం దగ్గర నిలబడి, గొంతు తగ్గించి అన్నాడు. "అన్నా, కాగితాల్లో ఇంటికాడ జరిగినట్ల రాయిద్దాం. పని దగ్గర అంటే ఇంటాయన మీదికి వస్తాది, నా మీదికి వస్తాది. నిన్ను నేను ఇడిసిపెడతానా? నీకు పని ఇచ్చేది నేనే గదా."

మంజుల వద్దంది. నరసన్న ఆమె వైపు చూడకుండా సరేనన్నాడు. తనకు తెలిసినదల్లా ఆ పనే. ఆ పని ఇచ్చేవాడితో కొట్లాడి ఎట్లా బతకడం అని ఆయన ఆలోచన. కాగితాల్లో ఇంటి దగ్గర సున్నం పడిందని రాశారు. ఆ తర్వాత శివప్రసాద్ నుంచి ఫోను రాలేదు. నరసన్న చేస్తే రెండుసార్లు ఎత్తాడు, మూడోసారి ఎత్తలేదు.

అదే ఆస్పత్రిలో రక్తం పరీక్ష చేస్తే షుగర్ ఉందని బయటపడింది. ఎప్పటినుంచి ఉందో తెలియదు. నరసన్న దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. మాత్రలు కొన్నాళ్ళు వేసుకుని మానేశాడు. ఏడాదిన్నరకు కుడికన్ను కూడా మసకబారింది. మనిషి ఆకారం తెలిసేది, ఎదురుగా వచ్చే బండి తెలిసేది. రంగులు మాత్రం పొగలోంచి చూసినట్టు ఉండేవి. ఈ సంగతి ఇద్దరికే తెలుసు. ఎక్కడైనా చిన్నపని వస్తే, అరుగో మెట్లో, నరసన్న మేస్త్రీలాగా ముందు నడిచేవాడు. కలుపు దగ్గర మంజుల వంగి మెల్లగా చెప్పేది.

"ఇంకా లేతగా ఉండాది."

"ఎంత లేత?"

"ఎండుమిరపకాయ ఎరుపు రాలేదు. పండుమిరపకాయంత ఉండాది."

"ఐతే అర డబ్బా పొడి."

తాపీ కూడా మెల్లమెల్లగా ఆమె చేతికే వచ్చింది. ఎవరైనా చూస్తున్నంతసేపు నరసన్న రుద్దేవాడు. వాళ్ళు పక్కకు పోగానే తాపీ ఆమెకిచ్చి పక్కన గొంతుక్కూచునేవాడు. వినడం ఆయన పని. తాపీ నేల మీద పోయే చప్పుడును బట్టి, ఎక్కడ నీరు ఎక్కువైందో, ఎక్కడ ఆరిపోతోందో చెప్పేవాడు. అట్లా వేసిన నేలలకు పేరు నరసన్నకే వచ్చింది. మంజులను ఎవరూ మేస్త్రీ అనలేదు, ఆమె అనమనీ అనలేదు.

ఆ రోజుల్లోనే ఆస్పరి దగ్గర ఒక పల్లె నుంచి పాస్టరు కృపానందం వెతుక్కుంటూ వచ్చాడు. వాళ్ళ పల్లెలో అందరూ కూలిచేసుకునేవాళ్ళే. సొంతంగా చిన్న ప్రార్థన మందిరం కట్టుకున్నారు. కప్పు పడింది, గోడలకు సున్నం పడింది, నేల మిగిలింది.

"టైల్సు మా వల్ల కాదు నరసన్నా. ఎర్ర నేల వేస్తే సల్లగుంటాది, పది కాలాలుంటాది అంటాండారు. ఒక్కటే మాట. మా జనం డిసెంబరు దాటితే మిరపకాయలు కోసే సుగ్గికి గుంటూరు దిక్కు పోతారు. పోయేలోపల ప్రతిష్ఠ జరగల్ల."

"నీళ్ళెట్లుంటాయి అయ్యగారూ?" నరసన్న అడిగాడు.

"బోరుండాది."

"బోరు నీళ్ళొద్దు. కాలువ నీళ్ళు తెప్పియ్యల్ల. కలుపుకు, తర్వాత పదిరోజులు నేల మింద కట్టేదానికి గూడా అవే నీళ్ళు. అట్లయితేనే వస్తాను."

పాస్టరు ఒప్పుకున్నాడు. ట్రాక్టరు ట్యాంకరులో కాలువ నీళ్ళు వచ్చాయి. నరసన్న దోసిట్లో పట్టి తాగి చూసి, బాగున్నాయన్నాడు. మందిరం నేల ఒక్కరోజులో వేశారు. అంత పెద్ద నేల మంజుల తన చేతులతో వేయడం అదే మొదటిసారి. మోకాళ్ళకు గోనెసంచులు కట్టుకుని, పడమటి గోడనుంచి వాకిలి దాకా వెనక్కి వెనక్కి జరుగుతూ రుద్దింది. పల్లె ఆడవాళ్ళు వాకిట్లో నిలబడి చూశారు. మేరి అనే పెద్దామె మాత్రం ఊరుకోలేక "ఏమ్మే, నీ మొగుడు కూర్చున్యాడు, నువ్వు సేస్తాండావు?" అని అడిగింది. మంజుల తల ఎత్తకుండా "ఆయన సెప్తాండాడు, నేను సేస్తాండా" అంది.

సాయంత్రానికి ఆ నేల తడిగా, లోపలినుంచి వెలిగినట్టుగా ఎర్రగా నిలిచింది. పదిరోజులు నీళ్ళు కట్టే పని మేరి ఒప్పుకుంది. ఏ నీళ్ళు పొయ్యాలో నరసన్న ఆమెకు రెండుసార్లు చెప్పి, ఇద్దరూ ఎమ్మిగనూరు వచ్చేశారు.

మూడోరోజు ట్యాంకరు తోలే మనిషి ఇంటిల్లిపాదినీ తీసుకుని ముందుగానే సుగ్గికి పోయాడు. ఇంకో ట్యాంకరు దొరకలేదు. నేల ఎండిపోతే పగుళ్ళొస్తాయని మేరికి భయం వేసింది. పాస్టరు ఊళ్ళో లేడు. ఆమె, ఇంకో నలుగురు ఆడవాళ్ళు కలిసి బోరు దగ్గరనుంచి బిందెలతో మోసి ఏడురోజులూ నేల నిండా నీళ్ళు కట్టారు. మంచిపని చేస్తున్నామనే అనుకున్నారు.

ప్రతిష్ఠకు రెండురోజుల ముందు ఇద్దరూ మెరుపు కోసం నేలకు కొబ్బరినూనె పట్టించడానికి పోయారు. ముందు లోపలికి అడుగుపెట్టింది మంజుల. నేలంతా తెల్లటి మచ్చలు. కొన్నిచోట్ల బూడిద చల్లినట్టు, కొన్నిచోట్ల పిండి ఒలికినట్టు. ఎరుపు ఆ మచ్చల మధ్య ముక్కలు ముక్కలుగా కనిపించింది. మేరి గోడవారన నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

నరసన్న వాకిట్లో చెప్పులు విడుస్తూ అడిగాడు.

"మే మంజులా, ఎట్లుండాది?"

మంజుల మేరి వైపు చూసింది. పాస్టరు వైపు చూసింది. ఆయన తల వంచుకున్నాడు.

"బాగుండాది" అంది.

"రంగు?"

"బాగొచ్చింది. దానిమ్మ గింజ మాదిరుండాది."

నరసన్న లోపలికి వచ్చాడు. ఎప్పుడూ చేసేటట్టే వంగి, అరచెయ్యి నేలకు ఆనించి మెల్లగా జరిపాడు. చెయ్యి ఆగింది. ఇంకో రెండడుగులు జరిగి మళ్ళీ ఆనించాడు. వేలు నాలుక మీద పెట్టుకున్నాడు.

"నీళ్ళు మారినాయి" అన్నాడు.

మేరి ముందుకొచ్చి కాళ్ళ దగ్గర కూలబడింది. "నేనే పోసినాను నాయనా. ఎండిపోతాదేమో అని..."

"నువ్వు పొయ్యకపోతే పగిలిపోయేదమ్మా. ల్యా, పైకి ల్యా" అన్నాడు నరసన్న. గొంతులో కోపం లేదు.

తిరిగివస్తూ ఆదోని బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు కోసం నిలబడ్డప్పుడు, "రంగు గురించి నాకు ఇంగెప్పుడూ అబద్దం సెప్పొద్దు మంజులా. నాకు నీ కండ్లు దప్ప ఏమున్నాయి?" అన్నాడు. మంజుల సరేనంది. తనకు పెళ్ళయినాక అంత సిగ్గుపడ్డ రోజు లేదని నాతో చెప్పింది.

ప్రతిష్ఠ ఆ నేల మీదే జరిగింది. జనం చాపలు పరుచుకుని కూర్చున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. నరసన్నే ఊరుకోలేకపోయాడు. ఆ తర్వాత ప్రతి శనివారం ఆస్పరి పోవడం మొదలుపెట్టాడు. రెండు క్యాన్లలో కాలువ నీళ్ళు, ఒక సంచిలో కొబ్బరిపీచు, పాత గుడ్డలు. ఎమ్మిగనూరు నుంచి ఆదోని, ఆదోని నుంచి ఆస్పరి, అక్కడినుంచి ఏది దొరికితే అది. మంజుల తోడు పోవలసిందే, ఆ రోజు ఆమె కూలి పోయినట్టే. పాస్టరు రెండుమూడు సార్లు చెప్పాడు. "దేవుడు మచ్చలు సూడడు నరసన్నా. ఇంగ సాలు."

"నేను సూస్తాను గదా అయ్యగారూ" అన్నాడు నరసన్న.

నీళ్ళు గుమ్మరిస్తే ఉప్పు ఇంకా పైకి లేస్తుంది. అందుకని ముందు పొడిపీచుతో రుద్ది ఆ తెల్లపొడి ఎత్తేవాడు. తర్వాత గుడ్డ తడిపి, గట్టిగా పిండి తుడిచేవాడు. జానెడు జానెడుగా నేలంతా. మరుసటి శనివారానికి మళ్ళీ పూసేది, కొంచెం తక్కువగా. నాలుగు నెలలకు వాకిలి వైపు ఎరుపు తేరుకుంది. పడమటి మూల మాత్రం మచ్చ వదల్లేదు.

ఒకరోజు మందిరంలో తుడుస్తూ తుడుస్తూ నరసన్న ఆగిపోయాడు.

"మంజులా, దారాలు తేల్తాండాయి."

"ఏం దారాలు?"

"నల్ల దారాలు. కంట్లో."

షుగర్ వల్ల కంటి వెనక నరాలు చిట్లి రక్తం దిగిందని కర్నూలులో చెప్పారు. ఇంత ఆలస్యం ఎందుకు చేశారని అడిగారు. లేజరు పెట్టారు, సూదులు వేశారు. రెండు నెలల్లో ఆ కన్ను కూడా పూర్తిగా చీకటైంది.

ఆ తర్వాత చాలాకాలం ఆ ఇంట్లోనుంచి అరుపులు వినిపించేవి. నరసన్న కంచం విసిరేసేవాడు. మూడురోజులు స్నానం లేకుండా మంచంలో పడి ఉండేవాడు. మంజులను నోటికొచ్చినట్టు తిట్టేవాడు, ఆమె బయటికి పోతే ఎందుకు పోయావని, ఇంట్లో ఉంటే ఎందుకు ఉన్నావని. ఒకసారి పక్కింటివాళ్ళు పోయి గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. మంచివాడు కష్టంలో ఇంకా మంచివాడవుతాడని చెప్పలేం. నరసన్న కాలేదు. కొన్నాళ్ళకు అరవడం మానేశాడు. మాట్లాడడం కూడా చాలావరకు మానేశాడు.

మంజుల ఆదోని రోడ్డులో పార్కింగ్ టైల్సు పోసే షెడ్డులో చేరింది. అచ్చుల్లో సిమెంటు, రాతి చిప్స్ పోసి, పైపొరకు ఎరుపో పసుపో రంగు కలుపుతారు. రంగు కలిపేది ఆమే. ఒక లోడుకూ ఇంకో లోడుకూ తేడా లేకుండా వస్తోందని కొనేవాళ్ళు మెచ్చుకుంటారు. రిజిస్టరులో మాత్రం ఆడకూలీల వరసలో ఆమె పేరుంది. చేతివేళ్ళ చర్మం ఊడిపోయి గోళ్ళ చుట్టూ పుండ్లు. దగ్గు పట్టుకుంది. ఆ పొడిలో గుడ్డ కట్టుకోమ్మా అంటే, కట్టుకుంటే ఊపిరాడదంటుంది.

పోయిన ఏడాది చలికాలంలో కృపానందం ఫోను చేశాడు. కిందటి సుగ్గికి పోయివచ్చిన జనం చందాలు వేసుకున్నారు, మందిరం నేల మీద టైల్సు వేయిస్తున్నారు, ఈ సోమవారం పని మొదలు, ముందుగా చెప్పడం మర్యాద అని చేశాను అన్నాడు. మంజుల ఫోను పెట్టేసి చాలాసేపు పొయ్యి దగ్గరే కూర్చుంది. నరసన్న మంచంలో గోడకు తిరిగి పడుకుని ఉన్నాడు. చెప్పకపోతే ఆయనకు ఎప్పటికీ తెలిసే దారి లేదు. అయినా చెప్పింది.

"ఆస్పరి మందిరంలో టైల్సు ఏస్తాండారంట. సోమారం."

నరసన్న ఇటు తిరిగాడు.

"మన నేల పగలగొడతారా? దాని మిందనే ఏస్తారా?"

"మిందనే ఏస్తారంట."

ఆయన లేచి కూర్చున్నాడు. "నిలబడవు. మన నేల నున్నగుండాది. దాని మింద సిమెంటు పట్టదు. ఏడాదికే టైల్సు లేసిపోతాయి. గాట్లు పెట్టల్ల. నేలంతా, జానెడుకొక గాటు."

"అయ్యగారికి సెప్తాను."

"సెప్తే సాలదు. ఎవరో పిలగాండ్లు సమ్మెట్లతో బాదితే కింద కాంక్రీటు పరుపు పగుల్తాది. ఎంత లోతుండాదో నీకు తెల్సు. నువ్వే పో."

మంజుల అతని ముఖం చూసింది. "నా సేత్తోనే కొట్టమంటావా?"

"ఇంగెవరు కొడతారు?" అన్నాడు నరసన్న. "ఉలి సాన పట్టిచ్చుకో."

షెడ్డులో రెండురోజులు సెలవు చెప్పి ఆదివారం మధ్యాహ్నం మంజుల ఆస్పరి పోయింది. ఆరాధన అయిపోయి జనం వెళ్ళిపోయాక, చాపలు ఎత్తి, పడమటి మూలనుంచి మొదలుపెట్టింది. మేరి వచ్చి పక్కన కూర్చుని, లేచిన ఎర్రపొడిని చీపురుతో ఎత్తిపోసింది. సోమవారం మధ్యాహ్నానికి వాకిలి దాకా వచ్చారు. టైల్సు మేస్త్రీ వచ్చి, వేలితో గాట్లు తడిమి చూసి, "బాగా పెట్టినావక్కా, ఎవరు నేర్పించినారు?" అని అడిగాడు. మంజుల చెప్పింది. అతనికి ఆ పేరు తెలియదు.